అట్లాంటామె మా దగ్గర లేదు

తిరుపతిలో మనుషులు తప్పిపోవడం కొత్త కాదు. కొండమీద జనంలో, బస్సు ఎక్కే తోపులాటలో, అలిపిరి మెట్ల దగ్గర, ఎక్కడో ఒకచోట ముసలివాళ్ళ చేయి జారిపోతుంది. అలా దొరికినవాళ్ళను మా రూముకు తీసుకొస్తారు. వాళ్ళ మనుషులు వచ్చేదాకా అన్నం పెట్టడం, స్నానం చేయించడం, పక్కన కూర్చుని మాట్లాడడం మా పని. మేమంటే మా వీధి ఆడవాళ్ళం తొమ్మిదిమందిమి, మాకు పెద్దగా ఒక రిటైరైన టీచరమ్మ. బస్టాండు వెనకవీధిలో ఒక సత్రం ఆయన కింది రెండు గదులూ వసారా మాకు వదిలేశాడు. దానికి పేరు లేదు, బోర్డు లేదు. రూము అంటే రూమే.

ఆ రూము వసారాలో నిలబడి నేను ఒక కొడుకుతో, మీ అమ్మ మా దగ్గర లేదని చెప్పి పంపించేశాను. అప్పుడు వాళ్ళమ్మ గోడకు అవతల చాపమీద పడుకుని ఉంది. ఇంట్లో మంచం మీదున్న వాళ్ళ నాయన ఆమె కోసం ఎదురుచూస్తున్నాడు. ఇది జరిగి రెండేళ్ళు కావస్తోంది. మా వాళ్ళెవరూ ఇప్పుడు దాని ఊసెత్తరు. నేను ఎత్తకుండా ఉండలేకపోతున్నాను.

మొదట్లో ఎవరు వచ్చి అడిగినా లోపలికి తీసుకుపోయి చూపించేవాళ్ళం. ఒకరోజు తండ్రి కోసం వచ్చిన ఒకాయన, వరసగా పడుకున్నవాళ్ళ గడ్డం కింద చేయి పెట్టి మొహాలు ఎత్తి ఎత్తి చూశాడు. కాదు, కాదు అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. పాపం ఆయన కష్టం ఆయనది. కానీ ఆయన పోయినాక కర్ణాటక నుంచి వచ్చిన ఒక ముసలామె ఆ పూట అన్నం ముట్టలేదు. గుమ్మంలో ఎవరి అడుగు వినపడినా తన కోసమేనని లేచి కొంగు సర్దుకుని కూర్చునేది. కాదని పోతే మళ్ళీ గోడవైపు తిరిగి పడుకునేది. ఆ లేవడం, ఆ పడుకోవడం చూడలేక నేనే అందరి ముందరా మాట తెచ్చాను.

"సంతలో ఎద్దుల పండ్లు సూసినట్టు ఏందిది? వచ్చినోళ్ళను వసారాలో కూసోబెట్టి, ఫోటో సూసి, నాలుగు మాటలడిగి, సరిపోతేనే లోపలికి పంపిద్దాం."

టీచరమ్మ ఆలోచించి, "మాట బాగుండాది. సరిపోయిందా లేదా అని సూసేదెవురు?" అంది.

"ఇంకెవురు, ఈ అక్కే," అంది మాలో టిఫిన్ బండి పెట్టుకున్నామె. "పోయినేడు అప్పు చేసి ఇడ్లీ తిన్నోళ్ళ మొహాలు గూడా ఈమే నాకు గుర్తుచేసేది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఒకసారి చూసిన మొహం నేను మరిచిపోనని మా వీధంతా చెప్పుకునేది. అట్లా ఆ పని నా చేతికి వచ్చింది.

ఆ అవ్వ ఒక సోమవారం మధ్యాహ్నం వచ్చింది. మహిళా పోలీసు ఒకామె చేయి పట్టుకుని తెచ్చి, "బస్సులో అందరూ దిగినా ఈమె దిగలేదంటక్కా, కండక్టరు దింపి మాకు అప్పజెప్పినాడు," అని చెప్పి, నీళ్ళు తాగి వెళ్ళిపోయింది. అవ్వ తల నున్నగా గుండు. పూసిన గంధం ఎండి బీటలు వారింది. సంచీ లేదు, తోడు లేదు. నుదుట బొట్టు లేదు. మెడ బోసి, చేతులు బోసి. ఎడమ మణికట్టు మీద గీరుకున్న గాయాలుంటే కొబ్బరినూనె రాశాను. అవి ఎట్లా అయ్యాయని మాత్రం అడగలేదు. పాదాలు పొంగి ఉన్నాయి. వేళ్ళకు మెట్టెలు లేవు.

పేరడిగితే ఒక్కోసారి ఒక్కో పేరు చెప్పింది. ఊరేదంటే మాత్రం తమిళనాడు సరిహద్దుకు అవతల ఒక ఊరి పేరు చెప్పింది. మాటలో సగం అరవం ఉంది. మతిమరుపు ఉందని కాసేపటికే తెలిసిపోయింది. పెట్టిన అన్నం తిని చేయి కడుక్కుని, ఇంకా అన్నం పెట్టరా అనేది.

"మీ ఆయన పేరేందవ్వా?" అని అడిగాను.

ఆమె మొహం పక్కకు తిప్పుకుని కొంగు తలమీదికి లాక్కుంది. మళ్ళీ అడిగితే ఉలకలేదు, పలకలేదు.

నా భర్త పోయి అప్పటికి ఏడేళ్ళు. ఆ ప్రశ్న ఎవరైనా అడిగితే నేనూ కొన్నాళ్ళు అట్లాగే మొహం తిప్పుకునేదాన్ని. అందుకని ఇంకేమీ అడగాలనిపించలేదు. మా అవ్వ బతికినన్నాళ్ళూ మా తాత పేరు నోటితో పలకలేదు. రేషన్ కార్డు రాసేవాడు అడిగితే పక్కింటి పిల్లను పిలిచి చెప్పించేది. ఆ కాలపు ఆడవాళ్ళు మొగుడి పేరు చెప్పరని నాకు తెలియని సంగతి కాదు. తెలిసినదే ఆ రోజు గుర్తుకు రాలేదు. గుండు, బోసి నుదురు, బోసి మెడ చూశాను. నా తోటిదే అనుకున్నాను.

మరునాడు, మంగళవారం పొద్దున, ఆ కొడుకు వచ్చాడు. నలభై దాటి ఉంటాయి. చొక్కా నలిగిపోయి ఉంది. కళ్ళు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. వసారాలో కూర్చోమంటే కూర్చోలేదు.

"మాది పలమనేరు పక్కనమ్మా. మా అమ్మ మా ఊరోళ్ళతో కలిసి వ్యానులో వచ్చింది. ఆదివారం గుంపులో తప్పిపోయింది. నిన్నంతా కొండమీదనే తిరిగినా. ఈడ ముసిలోళ్ళను పెట్టుకోని సూసుకుంటారని ఎవురో చెప్తే వచ్చినా."

ఫోన్‌లో ఫోటో చూపించాడు. ఎవరిదో పెళ్ళిలో తీసింది. నిండా జుట్టున్న మనిషి, కొప్పు చుట్టూ కనకాంబరాలు, నుదుట రూపాయంత బొట్టు, ముక్కుకు రెండుపక్కలా పుడకలు. నవ్వుతోంది.

నేను అడగాల్సింది అడిగాను. "గుండు మొక్కేమన్నా ఉండాదా నాయనా?"

"లేదమ్మా. ఆడోళ్ళకు గుండెందుకు, మూడు కత్తెర్లు ఇచ్చేసి వస్తా అని చెప్పి బయల్దేరింది."

"తెలుగే గదా మాట్లాడేది?"

"తెలుగేనమ్మా. మేము అందరం తెలుగే." ఫోన్ జేబులో పెట్టుకుని మళ్ళీ తీశాడు. "మా నాయన మంచంలో ఉండాడు. మీ అమ్మ యాడ, మీ అమ్మ యాడ అని ఒకటే అడగతాండాడు. రేపొస్తాదిలే అని చెప్పి వచ్చినా. లోపల ఎవురన్నా ఉండారామ్మా?"

"ముగ్గురుండారు. ఒకాయన మగమనిషి. ఒకామె మరాఠీ ఆమె. ఇంకొకామె అరవం పక్క, మొగుడు లేనామె. నీ ఫోటోలో ఉండే అట్లాంటామె మా దగ్గర లేదు నాయనా."

అతను తలుపుకు కట్టిన తెరవైపు చూశాడు. చూసి, మళ్ళీ నావైపు చూశాడు. మజ్జిగ ఇచ్చాను. నిలబడే తాగాడు. "కనపడితే ఒక్క ఫోన్ కొట్టండమ్మా," అని చీటీమీద నంబరు రాసిచ్చి, మెట్లు దిగి పోయాడు. ఆ చీటీని గోడమీది క్యాలెండరుకు గుచ్చాను. ఆ పని చేసి, పాపం ఎవరి తల్లో అనుకుంటూ లోపలికి పోయి అవ్వను లేపి రాగిజావ తాగించాను.

ఆ నాలుగు రోజులూ ఆమెను నేనే ఎక్కువగా చూసుకున్నాను. మిగతావాళ్ళు, అక్కకు జత దొరికిందన్నారు. నాకూ అట్లాగే ఉండింది. ఆమెకు నీళ్ళు పోసేటప్పుడు, తలకు నూనె అద్దేటప్పుడు నా సంగతులన్నీ చెప్పుకునేదాన్ని. మా ఆయన ఎట్లా పోయాడో, పోయిన కొత్తలో పొద్దున లేచి రెండు గ్లాసుల కాఫీ ఎట్లా కలిపేదాన్నో, అన్నీ.

"పోయినోళ్ళు పోయినారమ్మా," అనేదాన్ని. "మనం ఏడిస్తే వాళ్ళకు ఆడ నెమ్మది ఉండదంట. మనిద్దరం ఒకటే. దేవుడు మనకు రాసిపెట్టింది ఇంతే అనుకోవాల."

మొదట ఆమె నా నోరు చూస్తూ ఉండేది. బుధవారం నుంచి ఏడవడం మొదలుపెట్టింది. శబ్దం లేకుండా, కొంగు నోట్లో కుక్కుకుని. టీచరమ్మ ఎందుకు ఏడుస్తోందని అడిగితే, ఇన్నాళ్ళూ దాచుకున్న దుఃఖం ఇప్పుడు బయటికి వస్తోంది, రానీండి, మంచిదే అని చెప్పాను. ఆ మాట చెప్పేటప్పుడు నాకు కొంచెం గర్వంగా కూడా ఉంది. ఎవరూ మాట్లాడించలేని మనిషిని నేను కరిగించానని.

ఆమె చెప్పిన ఊరికి టీచరమ్మ తన చుట్టాల ద్వారా కబురు పంపింది. అక్కడ అట్లాంటి మనిషి ఎవరూ తప్పిపోలేదని జవాబు వచ్చింది. అది ఆమె పుట్టిన ఊరు. పెళ్ళై వచ్చేసి యాభై ఏళ్ళు దాటింది. ఈ సంగతి మాకు తర్వాత తెలిసింది.

శుక్రవారాలు రూములో చిన్నగా దీపం పెట్టుకుంటాం. టిఫిన్ బండి ఆమె ఇడ్లీల పని ముగించుకుని వచ్చి, కుంకుమ పళ్ళెం పట్టుకుని ముత్తైదువలందరికీ బొట్లు పెడుతుంది. ఆ శుక్రవారమూ వచ్చింది.

"నేను మా ఆయనకు నూరేండ్లు ఇమ్మని దేవుణ్ణి అడగతా ఉంటే, ఆయన నన్ను బీడీకట్ట అడగతాడు. ఎవురి మాట ఇనాల దేవుడు?" అని నవ్విస్తూ ఒక్కొక్కరి ముందూ ఆగుతోంది.

నేనూ అవ్వా మూలన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాం. పళ్ళెం తిరిగేటప్పుడు పక్కకు కూర్చోవడం ఏడేళ్ళుగా నాకు అలవాటు. ఎవరూ కూర్చోమనరు, నేనే కూర్చుంటాను. పళ్ళెం దగ్గరికి రాగానే అవ్వ ముందుకు వంగి నుదురు చాపింది.

నేను ఆమె భుజం పట్టుకుని వెనక్కి లాగాను. ఆమె చేయి తీసి నా ఒళ్ళో పెట్టుకున్నాను.

"మనకొద్దులేమ్మా. అది వాళ్ళకు."

"ఎందుకు?"

"మనకు ఆయనలు లేరు గదా."

ఆమె నా మొహంలోకి చూసింది. ఎవరినో లేపకుండా అడిగినట్టు మెల్లగా అడిగింది.

"ఆయన పోయినాడా?"

పట్టుకున్న ఆమె చేయి వదిలేశాను.

"ఎప్పుడు పోయినాడు? నాకెవురూ చెప్పలేదే."

టీచరమ్మ వచ్చి ఆమె ముందు మోకాళ్ళమీద కూర్చుంది.

"అవ్వా, మీ ఆయన యాడ ఉండాడు?"

"మంచంలో. కాళ్ళు పడిపోలా? జావ తాపించే వచ్చినా గదా."

"మెళ్ళో తాళి ఏది?"

"ఉండీలో ఏసినా. ఆయన్ను నాకు పెట్టు సామీ అని."

"జుట్టు?"

"అదీ ఇచ్చినా. చెప్పగూడదు మొక్కు, చెప్తే పోతాది. అందుకే చెప్పలా."

"గాజులో అవ్వా?"

ఆమె మణికట్టు తిప్పి చూసుకుంది. "జనం తొక్కినారు," అంది.

అప్పుడు కనపడింది నాకు మొహం. సోమవారం నుంచి నా కళ్ళ ముందరే ఉన్న మొహం. ఫోటోలో నేను చూసింది కొప్పునూ పూలనూ బొట్టునూ, ఆ ముక్కుపుడకలనూ. వాటి కింద ఉన్న మనిషిని చూడలేదు. ముక్కుకు రెండుపక్కలా పుడకల చిల్లులున్నాయి. నాలుగు రోజులు ఆ ముక్కు నేనే కడిగాను. మొగుడు బతకాలని ఒంటిమీద ఉన్నదంతా ఇచ్చేసి వచ్చిన మనిషిని, ఆ ఇచ్చేసిందే చూసి మొగుడు లేనిదన్నాను. అక్కడితో ఆగలేదు. పోయాడని ఆమెకే నచ్చజెప్పాను.

టిఫిన్ బండి ఆమె అవ్వ నుదుట పెద్ద బొట్టు పెట్టింది. క్యాలెండరు దగ్గరికి పోయి చీటీ తీసింది నేను. నంబరు నొక్కి, మేము సోమవారం నుంచి ఒకామెను పెట్టుకున్నామని, ఆమె మీ అమ్మేనని చెప్పింది టీచరమ్మ.

"బాగుండాదా అమ్మా?" అన్నాడు స్పీకరులో కొడుకు.

"బాగుండాది నాయనా."

"నేను రాలేనమ్మా. నాయనకు మాట పడిపోయింది. బుధారం సాయంత్రం. ఇడిసిపెట్టి రాలేను."

మేమే తెస్తామని టీచరమ్మ చెప్పింది.

ముగ్గురం బస్సెక్కాం. కిటికీ పక్కన అవ్వ, మధ్యలో నేను, ఇటు టీచరమ్మ. పాకాల దాటకముందే ఆమె నా చేయి పట్టుకుంది. "ఆయన పోయినాడంట గదా?" అంది. పోలేదమ్మా, ఉండాడు, ఆయన దగ్గరికే పోతున్నాం అన్నాను. సరే అంది. పది నిమిషాలకు మళ్ళీ అదే అడిగింది. మళ్ళీ చెప్పాను. పొద్దున తిన్నది మరిచిపోయే ఆమెకు నేను చెప్పిన ఆ మాట మాత్రం మరుపు రాలేదు. ఎన్నిసార్లు ఉన్నాడని చెప్పినా, అది నిలవడం లేదు. పోయాడన్నదే నిలిచింది. అడిగిన ప్రతిసారీ కొత్తగా ఏడ్చింది. ముందు సీట్లో ఆయన వెనక్కి తిరిగి, "ఎవురమ్మా పోయింది?" అని జాలిగా అడిగాడు. "ఎవురూ పోలేదప్పా, ముందుకు తిరుగు," అంది టీచరమ్మ.

చిత్తూరు బస్టాండులో బస్సు మారాలి. అవ్వను బోసిమెడతో ఇంటివాళ్ళ ముందరికి ఎట్లా తీసుకుపోయేదని, టీచరమ్మ పూలబుట్ట ఆమె దగ్గర పసుపుతాడు, రెండు మూరల మల్లెపూలు కొంది.

"పెండ్లెవురికి?" అంది పూలామె.

"ఈమెకే," అంది టీచరమ్మ.

పూలామె అవ్వ గుండు చూసి, బొట్టు చూసి, "కొప్పు లేని పెండ్లికూతురికి మల్లెపూలు యాడ పెడతావవ్వా, సెవులకా?" అంది.

అవ్వ నవ్వింది. ఐదు రోజుల్లో మొదటిసారి. ఫోటోలో నవ్వు అదే. పూలామె తాడు ముడేయబోతే మాత్రం చేయి అడ్డం పెట్టింది. "ఆయనే కట్టాల," అంది. తాడు పిడికిట్లో పట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత పలమనేరు దాకా ఆమె నన్ను ఏమీ అడగలేదు. అందుకు ఎంత సంతోషించానో, అడగకపోవడం కూడా అంతే బరువనిపించింది.

పలమనేరులో బస్సు దిగేసరికి గాలి చల్లగా ఉంది. కొడుకు పాలక్యాన్లు మోసే ఆటో తెచ్చుకుని నిలబడి ఉన్నాడు. తల్లిని చూసి దగ్గరికొచ్చాడు. గుండుమీద చేయి పెట్టి, "ఏందిమా ఇది," అన్నాడు. అంతే. మావైపు తిరిగి చేతులు జోడించాడు. ఆ దండం నేను తీసుకోలేకపోయాను. నేల చూశాను.

ఇల్లు టమోటా తోట పక్కన. ముందర రేకుల పందిరి కింద ఆవులు. లోపల గదిలో మంచంమీద ఆయన. మొహం ఒకపక్కకు జారి ఉంది. కుడిచేయి పక్కన పడి ఉంది. కళ్ళు మాత్రం గుమ్మంవైపే ఉన్నాయి. అవ్వ పోయి మంచంపట్టె మీద కూర్చుంది. ఆయన్ను చూసింది. వెనక్కి తిరిగి నాకేసి చూసి, "ఉండాడే," అంది.

నన్ను అబద్ధాలకోరు అన్నట్టు కాదు. ఒక మంచి వార్త నాకు చెప్పినట్టు అంది.

ఆ తర్వాత ఆయనతో మాట్లాడడం మొదలుపెట్టింది. కొండమీద ఎంత జనమో, మంగలాయన కత్తి ఎంత చల్లగా ఉందో, రూములో ఎవరో మంచామె నీళ్ళు పోసిందని. ఆయన పెదవి కదిలింది. గొంతులో ఏదో శబ్దం వచ్చింది. "ఏం, పలకవా? నాలుగు దినాలకే కోపమా?" అంది ఆమె. పసుపుతాడు ఆయన ఎడమ అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. "కోపం తగ్గినాక కట్టు."

కోడలు తలుపుకు ఆనుకుని ఏడుస్తోంది. కన్నీళ్ళు తుడుచుకుని మమ్మల్ని బయటికి రమ్మంది. పీటలు వేసి సంగటి, చెనక్కాయల చట్నీ పెట్టింది. పెట్టి, నిలబడే అంది.

"మీరు పుణ్యానికి సేస్తాండారు. మేమేమీ అనగూడదు. అయితే మా అత్తను మా మొగునికి ఒక్కసారి సూపించుంటే, మంగళారం సాయంత్రానికి ఇల్లు సేరుండేది. మామకు మాట పోయింది బుధారం."

టీచరమ్మ ఏదో చెప్పబోయింది. నేను చేయి పట్టి ఆపాను. "నీ మాట నిజమేనమ్మా," అన్నాను.

"తినండి. సల్లారిపోతాది," అని లోపలికి పోయింది. తిన్నాను. తినకపోతే ఇంకా తప్పవుతుందని తిన్నాను.

చేయి కడుక్కుని కొట్టం దగ్గరికి పోయాను. కొడుకు ఆవులకు మేత వేస్తున్నాడు.

"నాయనా, ఆ పొద్దు నువ్వు మజ్జిగ తాగతా ఉంటే మీ అమ్మ లోపలే ఉన్నింది. లేదని పంపించింది నేనే."

"తెలుసమ్మా. సోమారం నించి ఉండాదని టీచరమ్మ ఫోన్లో చెప్పినప్పుడే లెక్క తెలిసింది."

"నన్ను నాలుగు మాటలు అను."

"ఏమనేది." మేత దులుపుతూ నా మొహం చూడకుండానే అన్నాడు. "తెర ఎత్తి సూస్తానని నేను అడిగుండాల్సింది. ఆడోళ్ళు పండుకున్న రూములోకి తొంగిచూసేది బాగుండదని ఊరికే ఉండిపోయినా. మా అమ్మ పుట్టింది అరవం పక్కనే. మీరు అరవామె అన్నప్పుడు ఒక చణం అనుమానం వచ్చింది. మొగుడు లేనామె అంటిరి. మా నాయన బతికే ఉండాడు గదా అనుకోని పోయినా."

ఒక ఆవు తాడు మార్చి కట్టాడు.

"నాయన అమ్మకు ఏందో చెప్పాలని ఉన్నాడమ్మా. మంగళారం నేను ఒట్టి చేతులతో వచ్చినాక అడిగినా, ఏంది నాయనా, నాకు చెప్పు, నేను చెప్తాలే అని. నీకు కాదురా, మీ అమ్మకే అన్నాడు. మళ్ళానాడు బుధారం సాయంత్రం మాట పోయింది. ఇప్పుడు కండ్లతో అడగతాడు, మాకు తెలియడంలేదు."

మేము బయల్దేరేటప్పుడు లోపల అవ్వ ఇంకా మాట్లాడుతూనే ఉంది. పోయొస్తానని చెప్పబోతే నన్ను గుర్తుపట్టలేదు. "ఎవురో వచ్చినారు, కాఫీ పెట్టు," అని కోడల్ని కేకేసింది.

కొడుకే ఆటోలో బస్టాండుదాకా తెచ్చాడు. బస్సు వచ్చేదాకా పోలేదు. దారి పొడుగునా తిడతాడేమో అని ఎదురుచూశాను. తిట్టి ఉంటే ఏదో ఒకటి తీరిపోయేది. బస్సు కనపడినాక అన్నాడు.

"అమ్మా, రేపు ఎవురన్నా నా మాదిరి వస్తే లోపలికి పోనీండి. వాళ్ళనే సూసుకోనీండి."

సరే నాయనా అన్నాను.

తిరుగు బస్సులో టీచరమ్మ నాకు చెప్పింది. "రేప్పొద్దున రాకుండా ఇంట్లో పడుకుంటావేమో, అది మాత్రం చేయొద్దు. పని చేసేవాళ్ళకే తప్పులు వస్తాయి."

"ఆ మాట ఆయనకు చెప్పేదాన్నా టీచరమ్మా, మంచంలో ఉండే ఆయనకు?"



ఆయన ఆ తర్వాత మామిడికాయల కాలం దాకా ఉన్నాడు. మాట తిరిగి రాలేదు. ఈ సంగతి కొడుకే ఫోన్ చేసి చెప్పాడు. ఆ చెప్పాలనుకున్నది ఏమిటో ఎవరికీ తెలియలేదు. పొలం సంగతో, ఎవరికైనా ఇచ్చిన మాటో, ఊరికే ఏదైనా ముసలి మొగుడూ పెళ్ళాల మాటో. నేను మాత్రం వంట చేస్తూ, నీళ్ళు పడుతూ ఎన్నో రకాలుగా ఊహించుకున్నాను. ఏదీ సరిపోదు.

రూముకు పోవడం మానలేదు. అడిగినవాళ్ళను లోపలికి పంపే పద్ధతే మళ్ళీ పెట్టాం. నేనే పెట్టించాను. ఫోటోలు చూడడం నా వల్ల కాదని చెప్పేశాను.

పోయిన నెల ఒక పెద్దాయన వచ్చాడు. ఏ ఊరో చెప్పడు. రెండురోజుల్లో ముగ్గురు వేరువేరు మనుషులు తమవాళ్ళ కోసం వచ్చి ఆయన మొహం చూసి కాదని పోయారు. నాలుగోసారి వసారాలో చెప్పుల చప్పుడు కాగానే ఆయన దుప్పటి తలమీదికి లాక్కున్నాడు. "సూడొద్దని చెప్పమ్మా," అన్నాడు దుప్పటి లోపలినుంచి. వచ్చినామె ఒక కూతురు. తెర దగ్గర నిలబడి, "ఒక్కసారి సూసి పోతానమ్మా," అని నన్ను బతిమాలుతోంది.

తెర అంచు నా చేతిలోనే ఉంది. ఇటు చూశాను, అటు చూశాను. ఆయన దుప్పటిని రెండు చేతులా గట్టిగా పట్టుకుని ఉన్నాడు. నేను పోయి ఆయన పక్కన కూర్చుని, "ఒక్కసారికి నాయనా, ఒక్కసారికి," అంటూ ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడదీయడం మొదలుపెట్టాను.